ఓరచూపు

గంగాధర్ చెడిపోయిన వస్తువును చూస్తూ ఊరికే కూర్చోలేని మనిషి. హిందూపురంలో అతనికి డ్రిప్పు పైపులు, బోరు మోటార్లు అమ్మే అంగడి ఉంది. అమ్మేది తక్కువ, బాగుచేసేది ఎక్కువ. లేపాక్షి వైపు నుంచో చిలమత్తూరు వైపు నుంచో ఎవరైనా రైతు కాలిపోయిన మోటారును ఆటోలో తెచ్చి దించి, "ఇంక దీని పని అయిపోయిందంటాండారప్పా" అంటే, దాని చుట్టూ ఒకసారి తిరిగి, "అయిపోయేదానికి అదేమన్నా మనిషా? రేపు రా" అనేవాడు. మర్నాటికి అది తిరిగేది.

కళావతితో పెళ్ళైన కొత్తలో, రొద్దం అవతల ఉన్న ఆమె పుట్టింటి నుంచి ఒక పొడవాటి వస్తువు టెంపోలో వచ్చింది. గోనెపట్టాలు చుట్టి తాళ్ళతో బిగించి ఉంది. గంగాధర్ తల్లి ఈరక్క వాకిట్లో నిలబడి దాన్ని ఎగాదిగా చూసింది.

"ఏమప్పా గంగాధరా, కోడలు బీరువా తెస్తాదనుకుంటే బోరు కేసింగు తెప్పిచ్చుకుండాదే!"

కళావతి నవ్వుతూ తాళ్ళు విప్పింది. "బోరే అత్తా. కాకపోతే ఇది కిందికి కాదు, పైకి దిగుతాది."

అది టెలిస్కోపు. అడుగున పళ్ళెమంత అద్దం, పైన కన్ను పెట్టి చూసే చిన్న గొట్టం. కళావతి పెనుకొండలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఉద్యోగం వచ్చిన కొత్తలో బెంగళూరు పోయి తనే దాన్ని కొనుక్కుంది. చంద్రుడు, శనిగ్రహం అంటే ఆమెకు పెద్దగా లెక్కలేదు. "అవి పిల్లోళ్ళకు చూపించేటివి" అనేది. ఆమె మనసంతా ఒకదాని మీదే. ఏటా కార్తీక మాసం చీకటి పక్షంలో, పొద్దు మునిగిన కాసేపటికే, దాదాపు నడినెత్తిన వచ్చే ఐదు గెలాక్సీల గుంపు అది.

మొదటి ఏడు గంగాధర్ ఆమెను వ్యాన్‌లో ఎక్కించుకుని పోయాడు. కళావతి అన్న వేరుశనగ పీకేసిన చేనులో టెలిస్కోపు నిలబెట్టారు. కళావతి పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర చుక్కలు కలిసి కట్టిన నాలుగు మూలల గడిని వేలితో చూపించి, అక్కడి నుంచి చుక్క చుక్కా పట్టుకుంటూ పోయి ఒకచోట ఆపింది.

"చూడు."

గంగాధర్ కన్ను పెట్టాడు. "ఏముండాది? నల్లగా ఉండాది."

"నేరుగా చూస్తాండావు. అట్ల చూస్తే కనపడదు. పక్కనున్న చుక్కను చూస్తా, మనసు మాత్రం మధ్యలో పెట్టు. ఓరకంటితో చూడల్ల."

"ఇదేమి చూపబ్బా, దొంగచూపు మాదిరి!"

"కన్ను నడిమధ్య ఉండేది పగటి చూపు. మసక వెలుతురును పట్టుకునే చూపు దాని చుట్టూ ఉంటాది. అందుకే పక్కకు చూడల్ల."

అతను పక్క చుక్కను చూశాడు. చాలాసేపటికి, చలిలో అద్దం మీద ఊదిన ఊపిరి లాంటిది ఒకటి మధ్యలో కదిలినట్టయింది. సూటిగా చూస్తే మాయమైంది. మళ్ళీ పక్కకు చూస్తే వచ్చింది.

"ఉండాది! ఏదో ఉండాది కళా!"

ఆ వెలుతురు ముప్పై కోట్ల ఏళ్ళ కిందట బయలుదేరిందని ఆమె చెప్పింది. ఐదింటిలో నాలుగే నిజమైన గుంపట. ఐదోది మనకు చాలా దగ్గరలో, దారికి అడ్డంగా నిలబడ్డ వేరే గెలాక్సీ.

"పెండ్లి ఫోటోలో అడ్డమొచ్చినోని మాదిరన్నమాట" అన్నాడు గంగాధర్.

ఆమె పడీపడీ నవ్వింది. "అంతే. కడమ నాలుగూ ఒకదాన్నొకటి లాక్కుంటాండాయి. లాక్కొని లాక్కొని వాటి నక్షత్రాలు బయటికి చిమ్ముకుంటాండాయి. ఇంక ఏది ఎవరిదో కూడా తెలీదు."

"విడిపించేదానికి ఏమీ లేదా?"

"ఎవరు విడిపిస్తారు? మనకైతే చూసేది ఒకటే పని."

ఆ మాట గంగాధర్‌కు నచ్చలేదు. చూడ్డమే పని అయితే చూడ్డమెందుకు అనుకున్నాడు. అయినా ఏటా వ్యాను తీశాడు. ఆమె గొట్టం దగ్గర నిలబడి, "ఈ పొద్దు నాలుగు. ఇదో, ఐదోది కూడా వస్తాండాది, వస్తాండాది..." అని గుసగుసగా చెబుతుంటే ఆమె గొంతు వినడం అతనికి ఇష్టం. మధ్యలో పాప పుట్టింది. స్వాతి అని పేరు పెట్టారు. పాపను ఈరక్కకు వదిలి ఆ ఏడు కూడా పోయారు.

ఆ తర్వాత ఏడు కళావతి కన్ను తీసి, "అద్దం మాసిపోయింది" అంది.

గంగాధర్‌కు పని దొరికింది. అద్దాన్ని బయటికి తీసి, బ్యాటరీల్లో పోసే నీళ్ళతో, పసిబిడ్డకు పోసినంత మెల్లగా కడిగాడు. మరుసటి ఏడు ఆమె మళ్ళీ, "మూడే ఉండాయి. అవీ సరిగా లేవు" అంది. అద్దానికి పూత పోయిందేమోనని బెంగళూరుకు తీసుకుపోయి కొత్త పూత వేయించుకొచ్చాడు. అది తళతళలాడింది. ఆ పై ఏటి కార్తీకంలో ఆమెకు రెండే కనిపించాయి. "పెనుకొండ పక్కన ఫ్యాక్టరీలొచ్చినాక ఆకాశమంతా సున్నం కొట్టినట్టయింది" అని విసుక్కుంది. నిజమే, తూర్పున కాస్త వెలుగుంది. కానీ తన వంతు వచ్చి గంగాధర్ కన్ను పెట్టినప్పుడు నాలుగు కనిపించాయి. తానే తప్పు లెక్కపెట్టాడేమో అనుకున్నాడు. చదువుకున్నది ఆమె. చూడ్డం నేర్పింది ఆమె.

ఇంకా కొన్ని సంగతులు జరుగుతూ వచ్చాయి. కళావతి పెళ్ళిళ్ళలో పంక్తి మధ్య నడుస్తూ ఎవరి విస్తరినో తొక్కేది. కరెంటు పోతే ఉన్నచోటే నిలబడిపోయేది. సాయంత్రం పెనుకొండ నుంచి బస్సు దిగినాక ఫోను లైటు వేసుకుని కానీ ఇల్లు చేరేది కాదు. "నా కోడలికి నేల మీద చూపు లేదప్పా, ఎంతసేపూ ఆకాశమే" అని ఈరక్క నవ్వేది. అందరూ నవ్వేవాళ్ళు. కళావతి కూడా.

పోయిన ఏడు ఆమె పట్టుపట్టింది. "ఇంకా చీకటి ఉండేచోటికి పోదాం." నంబులపూలకుంట వైపు పోయి చూశారు. ఆమెకు ఏమీ కనిపించలేదు. మర్నాడు రామగిరి కొండల వైపు పోయారు. గాలిమరల మీద ఎర్రలైట్లు వెలిగి ఆరుతున్నాయి కానీ అవి దూరంగా ఉన్నాయి. పైన ఆకాశం కడిగిన పలక మాదిరి ఉంది. అంత చుక్కల ఆకాశాన్ని గంగాధర్ ఎన్నడూ చూడలేదు.

కళావతి చాలాసేపు చూసింది. గొట్టాన్ని కొంచెం అటు జరిపింది, ఇటు జరిపింది. కన్ను తుడుచుకుంది. మళ్ళీ చూసింది. చివరికి పక్కకు జరిగి, "నువ్వు చూడు" అంది.

గంగాధర్ కన్ను పెట్టాడు. వెతకాల్సిన పనే లేకుండా పోయింది. ఐదూ ఉన్నాయి. జంటగా అతుక్కున్న రెండూ, వాటి పక్కది, ఎడంగా ఉన్నదీ, దారికి అడ్డం నిలబడ్డదీ. మొట్టమొదటిసారి అతనికి ఐదూ ఒక్కసారిగా దొరికాయి. నోటి దాకా వచ్చింది కేక.

"ఏమన్నా కనపడతాండాదా?" అని అడిగింది కళావతి. ఆ గొంతులో అతను ఎన్నడూ వినని బెరుకు ఉంది.

గంగాధర్ కన్ను తీయకుండానే, "లేదు. నాకూ ఏమీ కనపడల్యా. ఆ గాలిమరల లైట్లు పాడుచేస్తాండాయి" అన్నాడు.

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. "అదే నేనూ అనుకుంటి. ఈ జిల్లాలో ఇంక ఆకాశం లేదు." ఆ మాటలో ఎంత నెమ్మది ఉందంటే, అతను ఇంక నిజం చెప్పలేకపోయాడు. టెలిస్కోపు విప్పి వ్యాన్‌లో పెట్టాడు. ఆ కార్తీకంలో ఇంకో రెండుసార్లు పోయారు. రెండుసార్లూ అతను అదే మాట చెప్పాడు.

నిజం ఇంకెవరి ముందో బయటపడింది.

ఈ ఏడు ఉగాది పోయిన కొన్నాళ్ళకు కళావతి పుట్టింటికి పోయి, పొద్దు వాలినాక అన్న స్కూటీని తనే నడుపుకుంటూ రొద్దం వస్తూ ఒక గొర్రెల మందలోకి దూసుకుపోయింది. గంగాధర్ హిందూపురం నుంచి వచ్చేసరికి ఆమె కల్వర్టు గోడ మీద కూర్చుని ఉంది. మోచేయి చీరుకుపోయింది. ఎదురుగా మంద యజమాని నరసప్ప నేల మీద కూర్చుని, కాలు విరిగిన గొర్రెను ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

"ఇంత మందప్పా! రోడ్డు నిండా ఉండాయి. నేను అరుస్తానే ఉండా. ఎట్ల కనపడల్యా ఈ తల్లికి?" అని గంగాధర్‌ను నిలదీశాడు నరసప్ప.

"లైటు పడిన రోడ్డు కనపడింది" అంది కళావతి నెమ్మదిగా. "పక్కల ఏమీ లేదు. గొర్రెలు గాల్లో నుంచి వచ్చినట్టు వచ్చినాయి."

గంగాధర్ వ్యాన్ నుంచి పైపు ముక్క తెచ్చి, నిలువుగా చీల్చి, గుడ్డ చుట్టి గొర్రె కాలికి కట్టు కట్టాడు. చేతులకు ఆ పని తెలుసు. నరసప్ప కోపం కొంచెం తగ్గింది. "పాపం, ఆయమ్మకూ దెబ్బలు తగిలినాయి. పిల్చుకపోప్పా" అన్నాడు. గంగాధర్ లేచి భార్య వైపు తిరిగాడు. ఆమె అతను నిలబడ్డ చోటికి కొంచెం పక్కగా, చీకటిలోకి చూస్తూ, "యాడుండావు?" అంది. అతను చేయి పట్టుకునేంత దూరంలోనే ఉన్నాడు.

ధర్మవరంలో ఒక కంటి డాక్టరమ్మ బాగా చూస్తుందని ఎవరో చెబితే అక్కడికి పోయారు. గోడ మీది బోర్డులో చివరి వరసలోని సన్న అక్షరాలను కళావతి గడగడా చదివేసింది. "చూస్తివా? నా కండ్లకేమీ కాలేదు" అన్నట్టు గంగాధర్ వైపు చూసింది. డాక్టరమ్మ ఆమె కళ్ళలో చుక్కల మందు వేసి, లోపలికి లైటు వేసి చాలాసేపు చూసింది.

"చీకట్లో ఇబ్బంది ఎప్పటి నుంచమ్మా?"

"ఈ మధ్యనే మేడమ్. కొన్ని నెలలు."

"నాలుగేండ్లు" అన్నాడు గంగాధర్.

ఆ మాట తననడగకుండానే బయటికి వచ్చేసింది. కళావతి తల తిప్పి అతని వైపు చూసింది. మందు వేసిన కళ్ళు పెద్దగా, నల్లగా ఉన్నాయి. అవి అతన్ని చూశాయో లేదో కానీ, అతను తల వంచుకున్నాడు.

డాక్టరమ్మ కాగితం మీద ఒక గుండ్రం గీసింది. "కన్ను వెనక తెర ఇది. నడిమధ్య పగటి చూపు కణాలుంటాయి. అవి బాగుండాయి. వాటి చుట్టూ ఉండే కణాలు..."

"మసక వెలుతురును పట్టుకునేటివి" అంది కళావతి. "ఓరచూపువి."

"ఆఁ. అవి చనిపోతా వస్తాండాయమ్మా. రెటినైటిస్ పిగ్మెంటోసా అంటారు. మనోళ్ళు రేచీకటి అంటారే, ఆకుకూరలు తింటే పోయే రేచీకటి కాదు ఇది. పుట్టుకతో వచ్చేది." కాగితం పక్కన పెట్టి, "మీ అమ్మానాయనలది మేనరికమా?" అని అడిగింది.

"మా అమ్మ సొంత మేనమామనే చేసుకునింది."

డాక్టరమ్మ తల ఊపింది. గంగాధర్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "దీనికి ఏం చేయల్ల మేడమ్? బెంగళూరు పోదామా? మద్రాసు? ఎక్కడికంటే అక్కడికి పోతాం."

"పోండి. చూపించుకోండి. నేనే రాసిస్తా. కానీ ఈ రకానికి ఇప్పటికైతే మందు లేదయ్యా. మెల్లగా పోతాది. ఎంత మెల్లగా అంటే చెప్పలేం."

"ముందే వచ్చింటే?"

"ముందే వచ్చినా ఇదే చెప్పుండేదాన్ని."

ఆ మాట తన గుండె మీది బరువును దించుతుందని గంగాధర్ అనుకున్నాడు. దించలేదు. తప్పు చేసినా చేయకపోయినా ఒకటే అయినప్పుడు, ఆ తప్పును ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

మధ్యాహ్నం రైలెక్కారు. పెనుకొండ కొండ కిటికీలోకి వచ్చింది. కళావతి కొండ వైపే చూస్తూ అడిగింది.

"రామగిరి దగ్గర నీకు ఎన్ని కనపడినాయి?"

"ఐదు."

"బాగా కనపడినాయా?"

"బాగా కనపడినాయి కళా."

పల్లీలమ్ముకునేవాడు వచ్చి పోయాడు. తర్వాత, గొంతు పెంచకుండా అంది. "ఏడాదిగా నేను ఫ్యాక్టరీలను తిడుతుంటి. గాలిమరలను తిడుతుంటి. కాలేజీలో పిల్లలకు కూడా చెప్తి, మన ఆకాశం చచ్చిపోయిందని. నువ్వు పక్కనే ఉండి వింటా ఉంటివి."

"నీ మొగం చూసి చెప్పలేకపోతి."

"నా మొగం చూసినావు. నన్ను ఒంటరిగా వదిలేసినావు" అంది కళావతి.

అంతే. హిందూపురంలో దిగారు. స్టేషన్‌లో మెట్లు దిగేటప్పుడు అతను చేయి అందిస్తే ఆమె గోడ పట్టుకుని దిగింది.

బెంగళూరులోనూ అదే చెప్పారు. ఒక యంత్రంలో తల పెట్టించి, చుక్కలు మెరిపించి, ఆమె చూపు ఎంత మిగిలిందో బొమ్మ తీసిచ్చారు. చుట్టూ నలుపు, మధ్యలో బావి నోరంత తెలుపు. పాపకు ఈ జబ్బు వచ్చే అవకాశం లేనట్టేనని, కాకపోతే మళ్ళీ రక్తసంబంధంలో మాత్రం ఇవ్వొద్దని అన్నారు.

ఆ సంగతి చెప్పడానికి రొద్దం అవతలి ఊరికి పోయారు. కళావతి తల్లి బాలనాగమ్మ కొడుకు ఇంట్లో, వసారాలో కూర్చుని వేరుశనగ కాయలు ఒలుస్తోంది. కూతురు చెప్పిందంతా వింది. చేతిలో కాయ చేతిలోనే ఉంది.

"ముత్యాలప్ప తాత" అంది చివరికి. "పొద్దు మునిగితే ఆయప్ప గడప దాటేటోడు కాదు. దయ్యాలకు భయమని అందరూ నవ్వుతుండ్రి. పిల్లోళ్ళం, మేమూ నవ్వుతుంటిమి."

ముత్యాలప్ప బాలనాగమ్మ తల్లికి తండ్రి. ఆమె భర్త నారాయణప్పకు సొంత తండ్రి. కళావతికి అటు నుంచి తాత, ఇటు నుంచి ముత్తాత. ఒక్క మనిషే రెండు దారుల్లో వచ్చి ఆమె కళ్ళలో కలిశాడు.

"భూమి బయటికి పోకూడదని మా అవ్వ మీ నాయనకు నన్ను కట్టబెట్టింది. పదహారేండ్ల పిల్లను, ఎవరు అడిగినారు తల్లీ నన్ను?" అంది బాలనాగమ్మ. స్వాతిని కొడుకు కొడుక్కి చేసుకుంటామని ఆమె పాప పుట్టిన నాటి నుంచి పరాచికంగా అంటూ ఉండేది. ఆ పొద్దు ఆ మాట ఎత్తలేదు. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆమె లేచి వచ్చి కూతురి ఎదురుగా కూర్చుంది. రెండు చూపుడు వేళ్ళూ కూతురి ముఖం ముందర పెట్టి, మెల్లగా పక్కలకు జరిపింది. "ఇది కనపడతాండాదా?"

"ఆఁ."

"ఇప్పుడు?"

"కొంచెం."

"ఇప్పుడు కళమ్మా?" ఆమె వేళ్ళు ఇంకా చెంపల దాకా కూడా రాలేదు.

కళావతి తల అడ్డంగా ఊపింది. బాలనాగమ్మ ఆ వేళ్ళను అట్లాగే గాల్లో పెట్టుకుని ఉండిపోయింది. గంగాధర్ లేచి పెరట్లోకి పోయాడు. అక్కడ బోరు పంపు వాల్వు కొంచెం కారుతూ ఉంది. స్పానర్ లేకుండానే దాన్ని వేళ్ళతో బిగించడానికి చూశాడు. వేళ్ళు కందిపోయినా కారడం ఆగలేదు.

వానాకాలమంతా వాళ్ళింట్లో మాటలు పొదుపుగా నడిచాయి. కళావతి కాలేజీ మానలేదు. సాయంత్రం క్లాసులు మాత్రం వదులుకుంది. గంగాధర్ ఇంటినిండా లైట్లు వేయించాడు. గడపలకు తెల్ల రంగు కొట్టాడు. మెట్లకు మెరిసే పట్టీ అంటించాడు. ఆమె ప్రతిదానికీ "బాగుండాది" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా అతనికి తాను చేసింది ఏమీ లేదనిపించేది. టెలిస్కోపు గోనెపట్టా కప్పుకుని మిద్దె గదిలో నిలబడి ఉంది. ఈరక్క కూడా దాని మీద పరాచికాలాడటం మానేసింది.

కార్తీక పౌర్ణమి పోయిన కొన్నాళ్ళకు ఒక ఆదివారం కళావతి అంగడికి ఫోను చేసింది.

"ఈ పొద్దు పోదామా?"

"యాడికి?" అన్నాడు, తెలిసీ.

"చేనికి."

పొద్దు ఇంకా ఉండగానే చేరుకున్నారు. చీకటి పడేలోపే టెలిస్కోపు బిగించాడు. ఆమెకు కుర్చీ వేశాడు. దక్షిణాన మొదట వెలిగింది శని.

"దాన్ని పట్టు" అంది కళావతి. పిల్లోళ్ళకు చూపించేటివి అన్న మనిషే. చాలాసేపు చూసి, "నువ్వు చూడు. ఏం కనపడతాండాదో ఉన్నది ఉన్నట్టు చెప్పు" అంది.

గంగాధర్ కన్ను పెట్టాడు. పటాలలో చూసిన ఉంగరం లేదు. పసుపుపచ్చని గుండ్రం, దాని నడుమ సూదితో గీసినట్టు ఒక గీత, అంతే. చెప్పాలా, వద్దా? ఉంగరం ఉందంటే ఆమె ఏమవుతుంది? లేదంటే ఏమవుతుంది?

"ఉంగరం... నాకు కనపడల్యా. గీత మాత్రం ఉండాది" అన్నాడు.

కళావతి నవ్వింది. ఏడాదిలో ఆమె అట్లా నవ్వడం అదే మొదలు. "ఈ ఏడాది అంతే. ఉంగరం అంచు మన వైపు తిరిగింది. ఎవరు చూసినా గీతే. నాకూ గీతే కనపడింది."

"పరీక్ష పెట్టినావా?"

"పెడితి" అంది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "ఇప్పుడు ఐదింటిని పట్టు."

అతను గొట్టాన్ని పైకి ఎత్తాడు. చుక్క చుక్కా పట్టుకుంటూ పోయాడు, ఆమె నేర్పినట్టే. దొరికాయి. కాసేపు వెనక్కి తిరగలేకపోయాడు.

"చెప్పు."

"ఐదూ ఉండాయి."

"జంటగా ఉండే రెండింటికీ నడిమధ్యలు వేరువేరుగా ఉండాయా, కలిసిపోయినాయా?"

"వేరుగానే ఉండాయి అనుకుంటా."

"అనుకుంటా కాదు. చూడు."

అతను చూశాడు. ఎంత చూసినా ఊపిరి మరకలే. వాటి ఆకారాలకు అతని దగ్గర మాటలు లేవు. "ఇడ్లీ పాత్ర మూత తీస్తే వచ్చే ఆవిరి మాదిరి... కాదు... నానబెట్టిన సున్నం మాదిరి..." అని ఆగిపోయాడు. మోటారు కాలిన వాసన చూసి ఏ తీగ పోయిందో చెప్పగల మనిషికి, కళ్ళ ముందు ఉన్నది చెప్పడం చేతకాలేదు.

"చాల్లే" అంది కళావతి, కోపం లేకుండానే. కుర్చీ లోంచి లేచి, అతని భుజం తడుముకుంటూ వచ్చి గొట్టం దగ్గర నిలబడింది. కన్ను పెట్టింది.

గంగాధర్ పక్కకు జరిగాడు. ఆమెకు ఏమీ కనిపించదని అతనికి తెలుసు. ఆమెకు అంతకన్నా బాగా తెలుసు. అయినా ఆమె కన్ను తీయలేదు. పక్క చుక్కను చూస్తూ మనసు మధ్యలో పెట్టే పద్ధతిలో ఆమె తల కొంచెం పక్కకు వాలింది. ఆమె ఊపిరి తీస్తూ వదులుతూ ఉంది. గొట్టం నెమ్మదిగా ఆకాశంతో పాటు జరగాలి, లేకపోతే గుంపు పక్కకు పోతుంది. అతను చేయి వేసి జరపబోయి ఆగాడు. ఆమె తనంతట తనే దాన్ని వేలితో తోసింది, సరిగ్గా తోయాల్సినంతే.

మంచు పడసాగింది. ఎక్కడో ఎవరో బోరు వేశారు, నీళ్ళ చప్పుడు మొదలైంది. కళావతి ఇంకా చూస్తూనే ఉంది. గంగాధర్ కాసేపు ఆమె వైపు, కాసేపు చీకటి వైపు చూస్తూ నిలబడ్డాడు. పోదామా అని అడగలేదు.